సీటు కోసం అరెకరం అమ్మకండి, ముందు వాడు రంగు కొట్టిన గోడ చూడండి

జనగామ వైపు నుంచి ఒక తల్లి అడిగారు. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ బొటాబొటి మార్కులతో పాసయ్యాడు, ఎప్‌సెట్ ర్యాంకు లక్ష దాటింది. సెలవుల్లో మేనమామ వెంట పెయింటింగ్ పనికి పోయి ఇప్పుడు అదే చేస్తానంటున్నాడు. తండ్రేమో అరెకరం అమ్మైనా సరే మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ బ్రాంచిలో చేర్పిస్తానని పట్టుబట్టారు, పైగా "మీ తమ్ముడే వాణ్ణి చెడగొట్టాడు" అని ఆమెతో మాటలు మానేశారు. రెండు దారులూ పోల్చి చెప్పమన్నారు.

అమ్మా, పోల్చి చెప్తాను. కానీ మీ ఉత్తరంలో జీతాల లెక్క కన్నా "చుట్టాలు అడిగితే ఏం చెప్పుకోవాలి" అన్న మాటే నాకు గట్టిగా వినపడింది. ప్రతి జూన్‌లో ఇదే ప్రశ్న వస్తుంది, పని పేరు మారుతుందంతే, ఒకరికి ఏసీ మెకానిక్, ఒకరికి కార్పెంటర్. మీ ఇంటికి లప్పం పెట్టి రంగులేసింది మీ తమ్ముడేనని మీరే రాశారు. ఆ రోజు లేని నామోషీ ఇప్పుడెక్కడిది? ఇది మీ ఆయనకు చదివి వినిపించండి, కోపమొస్తే నన్నే తిట్టుకోనివ్వండి.

ఇక ఆ ఏఐ సీటు. చదువు చెడ్డదని కాదు, దాంతో బాగుపడ్డ పిల్లల్ని చూశాను. నా అనుమానమల్లా ఆ బోర్డు మీదే. పాత బ్రాంచిలు నిండక అదే భవనానికి కొత్త పేరు తగిలించిన కాలేజీలు ఉన్నాయి, అక్కడ పాఠం చెప్పేదెవరు, పోయినేడు బయటికొచ్చిన వాళ్లకు ఏ పని దొరికింది అని అడిగితే చేతిలో బ్రోషర్ పెడతారు. ఇంటర్ లెక్కలకే చెమటలు పట్టిన పిల్లాణ్ణి అచ్చంగా లెక్కల మీదే నడిచే బ్రాంచిలో కూర్చోబెడితే మొదటి ఏడాదే బ్యాక్‌లాగులు మొదలవుతాయి. నాలుగేళ్లకు పొలం ఉండదు, డిగ్రీ వస్తుందో రాదో, అప్పుడు మామ దగ్గరికి వెళ్లడానికి కూడా వాడికి మొహం చెల్లదు.

పెయింటింగ్ కష్టాలు దాచను. వానాకాలం బయటి గోడల పని ఆగుతుంది, దసరా, సంక్రాంతి ముందు నిద్ర ఉండదు. లప్పం రుద్దేటప్పుడు లేచే దుమ్ముకు మాస్కు కావాలి, రుమాలు చాలదు. పాత ఇళ్లలో రంగు గీకేటప్పుడు మరీ జాగ్రత్త, ఎందుకంటే ఇళ్ల పెయింట్లలో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 చివర్లో గానీ అమల్లోకి రాలేదు, అంతకుముందు వేసిన రంగుల్లో అది ఎక్కువే ఉండొచ్చు.

కూలికి పోయేవాడికీ పని పట్టేవాడికీ తేడా కొలతల్లో ఉంది. 10 బై 12 గది, ఎత్తు 10 అడుగులు అనుకోండి, గోడలు 440, సీలింగు 120, మొత్తం 560 చదరపు అడుగులు, అందులోంచి తలుపులు కిటికీలు తీసేయాలి. ఈ లెక్క వాడికి ఇష్టంగానే వస్తుంది చూడండి. గృహప్రవేశం తొందరలో ఓనరు కొత్త ప్లాస్టరింగ్ మీద నాలుగు వారాలన్నా ఆగకుండా రంగు కొట్టమంటే "వద్దు సార్, నెమ్ముకి పెచ్చులు లేస్తాయి" అని చెప్పగలగడం కూడా పనే, నిజానికి పెద్ద పని. అది మీ తమ్ముడు నేర్పాలి. చేతిలో సర్టిఫికెట్ కూడా ఉండాలంటే ఐటీఐలో పెయింటర్ జనరల్ ట్రేడు రెండేళ్లు ఉంటుంది, హైదరాబాద్ న్యాక్‌లో (జాతీయ నిర్మాణ అకాడమీ) ఈ పనిలో శిక్షణ ఇస్తారు, బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి. రేపు గల్ఫ్ మాట వస్తే విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌నో లైసెన్సున్న ఏజెంటునో అడగండి, విజిట్ వీసా మీద మాత్రం పంపొద్దు.

పోలిక అని మొదలుపెట్టి ఎటో పోయాను, నిజమే. మీరు భయపడుతున్నంత తొందరేమీ లేదని చెప్పడమే నాకు ముఖ్యం అనిపించింది. ఏడాది చేయనివ్వండి, మనసు మారితే వచ్చే జూన్‌లో డిగ్రీలో చేరతాడు, అరెకరం అక్కడే ఉంటుంది. 18 నిండి, ఏడాదిలో 90 రోజులు పని చేస్తే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించండి. ఎత్తు మీద పనికి సేఫ్టీ బెల్టు వాడికంటూ సొంతంగా ఒకటి కొనివ్వండి, సైటులో ఉండేదాన్ని నమ్ముకోవద్దు.