ఎనిమిది బార్ల దగ్గర ఆగిన పాట

ప్రశ్న: వడపళనిలో ఉంటాను, పగలు ఉద్యోగం. రాత్రిళ్లు లాప్‌టాప్‌లో ట్యూన్లు కడతాను. ఎనిమిది బార్ల (తాళం చుట్ల) లూప్, అంటే తిరిగి తిరిగి మోగే ముక్క, బ్రహ్మాండంగా కుదురుతుంది, ఆపైన చెయ్యి ఆడదు. ఇలాంటివి ముప్పై పోగయ్యాయి. కొత్త ప్లగిన్లు (వాద్యాలు, ఎఫెక్టులు ఇచ్చే సాఫ్ట్‌వేర్లు) కొంటే దారి దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: కొనకండి. ముందు ఆ ముప్పైలో ప్రాజెక్టు తెరవకుండానే కూనిరాగం తీయగలిగినది ఒకటి పట్టుకోండి. మిగతావి ప్రస్తుతానికి వేరే ఫోల్డర్‌లో పడేయండి.

డ్రమ్స్, బేస్, ప్యాడ్ (వెనక నిలకడగా సాగే మెత్తని ధ్వని), స్ట్రింగ్స్, ఫ్లూట్ అన్నీ మొదటి ఎనిమిది బార్లలోనే మోగేస్తే తొమ్మిదో బారుకు ఏం మిగులుతుంది? అందుకే కలపడం మాని తీసేయడం మొదలుపెట్టండి. టెంపో నిమిషానికి 100 బీట్లు, తాళం 4/4 (బారుకు నాలుగు బీట్లు) అయితే ఎనిమిది బార్లు 19 సెకన్లు. లూప్‌ను 72 బార్ల దాకా కాపీ చేసి పరవండి, మూడు నిమిషాలకు కాస్త తక్కువ వస్తుంది. ఇంట్రో 8, పల్లవి 16, బీజీఎం (మాటల్లేని వాద్యాల భాగం) 8, చరణం 16, మళ్లీ పల్లవి 16, ముగింపు 8. ఇక మ్యూట్ చేసుకుంటూ రండి: ఇంట్రోలో ప్యాడ్, ఫ్లూట్ చాలు. బేస్ పల్లవి సగంలో రావాలి. స్ట్రింగ్స్ చివరి పల్లవి దాకా దాచండి. భాగం మారే ముందు అర బారు డ్రమ్స్ ఆపితే మలుపు తెలుస్తుంది.

చరణానికి మాత్రం కొత్త ట్యూన్ కావాలి. పల్లవి సి మేజర్ కార్డ్ మీద మొదలైతే, చరణాన్ని ఎ మైనర్ మీదో ఎఫ్ మీదో ఎత్తుకోండి. స్వరాలు అవే, రంగు మారుతుంది. కీర్తనల్లో అనుపల్లవి తారషడ్జమం (పై స్థాయి స) వైపు ఎక్కినట్టు మీ చరణాన్నీ పైకి నడిపించి చూడండి.

ఇదంతా అయ్యేదాకా ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్లు దిద్దే సాధనం) ముట్టుకోవద్దు. అరేంజ్‌మెంట్ కుదిరాక ప్రాజెక్టుకు ఒక కాపీ పెట్టుకుని, ట్రాకులన్నీ ఆడియోగా బౌన్స్ చేసేయండి, అంటే మామూలు ధ్వని ఫైళ్లుగా మార్చేయండి. సింథ్ (స్వరాలు పుట్టించే సాఫ్ట్‌వేర్ వాద్యం) తెరిచి ఉన్నంతకాలం చెయ్యి దానిమీదికే పోతుంది.

ప్రశ్న: నా గది పదడుగుల చదరం, మధ్యలో టేబుల్. బేస్ చాలట్లేదని పెంచితే కారులో దద్దరిల్లుతోంది. తగ్గించడం, పెంచడం... మిక్స్ (ట్రాకుల పాళ్లు కుదిర్చి కలపడం) తెమలడం లేదు.
– మరో పాఠకుడు, చెన్నై

జవాబు: తప్పు గదిది. పదడుగులంటే 3.05 మీటర్లు. దానికి రెట్టింపు పొడవున్న తరంగం సుమారు 56 హెర్ట్జ్, అంటే కిక్ (పెద్ద డ్రమ్), బేస్ ఉండే చోటే. అది గోడల దగ్గర ఉబ్బి, గది నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. మీరు కూర్చున్నది సరిగ్గా అక్కడే! చెవులు ముందు గోడకు మూడు అడుగుల తొమ్మిది అంగుళాల దూరంలో ఉండేలా టేబుల్ జరపండి. గోడలకు గుడ్ల అట్టలు అతికిస్తే బేస్ ఏమీ మారదు. మూలల్లో నాలుగంగుళాల మందం రాక్‌వూల్ (రాతి ఉన్ని పలకలు) కొంత మేలు. హెడ్‌ఫోన్లకు గదితో పని లేదు కాబట్టి బేస్‌ను వాటిలోనూ సరిచూసుకోండి. వినేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, చెన్నై ఉక్కపోతలో కష్టమే అయినా.

విడుదలైన పాట ఏదైనా ఒకటి పక్కన పెట్టుకుని, మీ మిక్స్‌తో సమానంగా వినిపించేదాకా దాని వాల్యూమ్ తగ్గించి పోల్చండి. తగ్గించకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. తర్వాత కారులో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి ఆపకుండా విని, లోపాలు కాగితం మీద రాయండి. రాసినవి మాత్రమే దిద్దండి.

మిక్స్ పీక్ (అత్యధిక ధ్వని స్థాయి) -6 డీబీ (డెసిబెల్) దగ్గర ఉంచితే మాస్టరింగ్‌కు, అంటే విడుదలకు ముందు చేసే చివరి మెరుగుకు, చోటుంటుంది. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నింటినీ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినిపించే బిగ్గరతనం కొలత) సర్దుతుంది కాబట్టి లిమిటర్‌తో (పీక్‌లను అణచి పాటను బిగ్గరగా చేసే సాధనం) పిండడం దండగ. ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య స్థాయిని కూడా కలిపి లెక్కించే అసలు పీక్) -1 డీబీ దాటనివ్వకండి.