టెక్ సందేహాలు: డిస్క్ ఆడుతోంది, క్యాసెట్ ఆడటం లేదు

ప్రశ్న: నాన్నగారు ఇరవై ఏళ్ల కిందట దుబాయ్ నుంచి తెచ్చిన ప్లేయర్ ఒకటి అటక దులుపుతుంటే దొరికింది. ఒకే పెట్టెలో ఓ పక్క డీవీడీ, ఇంకో పక్క వీసీఆర్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులున్న కేబుల్‌తో టీవీకి కలిపాను. డిస్క్ వేస్తే బొమ్మ శుభ్రంగా ఉంది. మా పెళ్లి క్యాసెట్ పెడితే లోపల తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది గానీ తెర నల్లగానే ఉంటోంది. వీసీఆర్ పోయినట్టేనా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

పోలేదండీ, చాలావరకు తప్పు కేబుల్‌దే. పెట్టెను వెనక్కి తిప్పి సాకెట్ల పైనున్న రాత చదవండి. ఒక వరుస మీద ‘డీవీడీ ఎక్స్‌క్లూజివ్ అవుట్’ అనీ, ఇంకో వరుస మీద ‘డీవీడీ/వీసీఆర్ అవుట్’ అనీ ఉంటుంది. పేరుకు ఒకే పెట్టె గానీ లోపల రెండు యంత్రాలు, రెండు దారులు. మీరు కలిపిన మూడు రంగుల దారి డిస్క్‌కు మాత్రమే. క్యాసెట్ బొమ్మ పసుపు పిన్ను దారినే వస్తుంది, దానికి తోడు శబ్దానికి ఎరుపు, తెలుపు. ఆ మూడూ కలిపి, టీవీలో ఏవీ ఇన్‌పుట్ ఎంచుకోండి. ముందుప్యానెల్ మీదో రిమోట్‌లోనో డీవీడీ/వీసీఆర్ మార్చే బటన్ ఉంటుంది, దాన్నీ ఒకసారి నొక్కి చూడండి.

టీవీకి పసుపు సాకెట్ లేకపోతే, చిన్న గుండ్రటి ఏవీ రంధ్రం ఉందేమో వెతకండి. దానికి టీవీతో ఇచ్చిన వైరే వాడాలి. బయట కొన్నవాటిలో పిన్నుల వరుస తేడాగా ఉండి బొమ్మ రావాల్సిన చోట గుయ్యిమనే మోత వస్తుంది. అదీ లేకపోతే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ కన్వర్టర్ కొనుక్కోండి. పేరు రెండుసార్లు చదివి మరీ కొనండి. అచ్చం అలాగే ఉండే ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ డబ్బాలు పక్కనే అమ్ముతారు, అవి ఎదురు దిశలో పనిచేస్తాయి. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో సగం మంది ఇంట్లో ఆ రెండో రకమే ఉంటోంది! బొమ్మ వచ్చాక టీవీలో బొమ్మ ఆకారాన్ని (వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని) 4:3 పెట్టుకోండి. లేకపోతే పెళ్లిలో అందరూ పది కిలోలు పెరిగినట్టు కనిపిస్తారు.

అన్నట్టు, పెళ్లి క్యాసెట్‌ను వెంటనే బయటికి తీయండి. ఏళ్ల తరబడి కదలని యంత్రంలో రబ్బరు గట్టిపడి, టేపును లోపలే చుట్టేసుకుంటుంది. పోయినా బాధ లేని పాత సినిమా క్యాసెట్ ఏదైనా పెట్టి ఓ అరగంట ఆడించండి, ముందుకూ వెనక్కూ తిప్పండి. అది క్షేమంగా బయటికొస్తేనే మీది పెట్టండి. మా అక్క ఓణీల ఫంక్షన్ క్యాసెట్‌కు నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు. టేపు తెగింది. తెలివిగా సెల్లోటేపుతో అతికించాను. ఆ జిగురు హెడ్‌కు, అంటే టేపును చదివే భాగానికి, అంటుకుని, ఆ తర్వాత ఏ క్యాసెట్ పెట్టినా తెర మీద వానే. తెగిన టేపు అతకడానికి స్ప్లైసింగ్ టేపు అని వేరే ఉంటుందని అప్పుడు తెలియదు.

ప్రశ్న: మా దగ్గరా ఇలాంటి పెట్టే ఉంది. క్యాసెట్‌ను అందులోనే డీవీడీ మీదికి ఎక్కించుకోవచ్చా? (వరంగల్)

ముందుభాగంలో ‘డీవీడీ రికార్డర్’ అని ఉంటే ఎక్కించవచ్చు. ‘డీవీడీ ప్లేయర్’ అని ఉంటే అది డిస్క్ చదవగలదు గానీ రాయలేదు. ఈ జంట పెట్టెల్లో ఎక్కువ రెండో రకమే. అయినా ఈ రోజుల్లో డిస్క్ మీద నేను మొగ్గు చూపను. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి (బొమ్మను, శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపేది) కలిపి, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే ప్రోగ్రామ్‌తో రికార్డు చేసుకోండి. మన క్యాసెట్లకు ‘పాల్’ (మన దేశపు వీడియో పద్ధతి), 720x576, సెకనుకు 25 ఫ్రేములు. సెట్టింగ్‌లో అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ ఉంటే బొమ్మ నలుపు తెలుపుగానో దొర్లుతూనో వస్తుంది. బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా రాయాలన్న లెక్క) 6 ఎంబీపీఎస్ పెడితే గంటకు సుమారు 2.7 జీబీ. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ కూర్చోవలసిందే, దగ్గరి దారి లేదు.

ఈ పని మాత్రం వాయిదా వేయకండి. వీసీఆర్‌లు తయారు చేస్తూ మిగిలిన ఆఖరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైతో వాటిని ఆపేసింది. డీవీడీ సగం పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. వీసీఆర్ సగం పాడైతే పాతవాటి వెంట పడాలి. అందుకే ఆ పెట్టెలో డిస్కులు ఆడనంటోందని పాతసామాను వాడికి తూకానికి వేయకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. అమ్మ పంపిన క్యాసెట్లు ఇక్కడి కాంబో ప్లేయర్‌లో పెడితే గీతలు, దొర్లుడు. మాటలు కూడా సన్నగా, గబగబా వినిపిస్తున్నాయి.

క్యాసెట్ బాగానే ఉంది. మన పాల్ టేపు సెకనుకు సుమారు 23 మిల్లీమీటర్లు నడవాలి, అమెరికా ఎన్‌టీఎస్‌సీ యంత్రం 33 నడపాలని చూస్తుంది. మాటలు గబగబా వినిపించడం అందుకే. పాల్ కూడా చదివే మల్టీసిస్టమ్ వీసీఆర్ కావాలి. గల్ఫ్ నుంచి వచ్చినవి ఎక్కువగా అలాంటివే. లేదంటే క్యాసెట్లను ఊళ్లోనే ఫైళ్లుగా మార్పించి పంపమనండి. ఇక్కడి నుంచి ప్లేయర్ తెప్పించుకుంటే మాత్రం ఓల్టేజీ చూసుకోండి, మనది 230, మీది 120.

ప్రశ్న: క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచుల మీద తెల్లటి పొడి కనిపిస్తోంది. (విశాఖపట్నం)

బూజు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలే. ఆ క్యాసెట్‌ను ప్లేయర్‌లో పెట్టొద్దు, బూజు హెడ్‌లకు అంటి తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. దాన్ని విడిగా ఒక కవర్లో పెట్టి, టేపులు శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వండి. మిగతావి పూర్తిగా వెనక్కి తిప్పి, పుస్తకాల్లా నిలువుగా, పొడి గదిలో పెట్టండి.