బూజు పట్టిన పెళ్లి క్యాసెట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి కాబట్టి కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత వీడియో క్యాసెట్ల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాను.

ప్రశ్న: మా పెళ్లి 1993లో జరిగింది. మూడు వీహెచ్‌ఎస్ క్యాసెట్లను బీరువా అడుగున పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేసి ఇన్నేళ్లూ దాచాను. మొన్న తీసి చూస్తే క్యాసెట్టు కిటికీలోంచి రీలు అంచున తెల్లటి చారలు కనిపించాయి. మా మరిదిగారింట్లో పనిచేసే వీసీపీ (క్యాసెట్లు వేసి చూసే యంత్రం) ఒకటి ఉంది. ఒకసారి అందులో వేసి చూసి, బాగుంటే డీవీడీ చేయించుకోమని ఆయన అంటున్నారు. అలా చేయవచ్చా?
(ఒక పాఠకురాలు, మల్కాజిగిరి)

జవాబు: దయచేసి వేయకండి. ఆ తెల్లచారలు బూజు. వీడియో రీలు అంటే పలుచని పాలిస్టర్ పట్టీ మీద అయస్కాంత గుణం గల పొడిని ఒక జిగురుతో అంటించినది. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బూజు పెరగడానికి అదే ఆధారం. మన హైదరాబాదు పొడి ఊరే కానీ, జూలై నుంచి సెప్టెంబరు దాకా గోడ బీరువాల్లో ఎంత చెమ్మ చేరుతుందో చీరలు దాచుకునే మీకు నేను చెప్పనక్కరలేదు. కలరా ఉండలు పురుగును ఆపుతాయి, బూజును ఆపవు.

వీసీపీలో రీలు ఒక డ్రమ్ము చుట్టూ తిరుగుతుంది. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ పద్ధతిలో ఆ డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఉండి రీలును చదివే హెడ్లు కంటికి సరిగా ఆననంత చిన్నవి. బూజు పొడి వాటిలో ఇరుక్కుంటే బొమ్మ మీద మంచు కురిసినట్లవుతుంది, రీలు అతుక్కుని నలిగే ప్రమాదమూ ఉంది, ఆ తరువాత అదే వీసీపీలో వేసిన మంచి క్యాసెట్టుకు కూడా ఆ పొడి అంటుకుంటుంది. మీ మరిదిగారి క్యాసెట్లు పాడైతే ఆ మాట మీ మీదికే వస్తుంది.

కాబట్టి ముందుగా ఆ మూడింటినీ విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో వేసి, మిగతా వాటికి దూరంగా, ఎండ తగలని పొడి చోట నిలువుగా పెట్టండి. తాకేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి. తరువాత క్యాసెట్టు మరలు విప్పి, రీలును పొడిగా, పోగులు రాలని గుడ్డతో శుభ్రం చేయగలిగిన వారిని వెతకాలి. కోఠీ గుజరాతీ గల్లీలో పాత వీసీఆర్ల మరమ్మతు చేసిన చేతులు ఎక్కడ ఉన్నాయో వాకబు చేస్తే దొరకవచ్చు. దుకాణం బోర్డు చూసి ఇవ్వకండి, ఒక ప్రశ్న అడగండి: “ఫంగస్ పట్టిన క్యాసెట్టును మీరు ఎలా శుభ్రం చేస్తారు?” అని. “ఏం కాదమ్మా, రెండు సార్లు తిప్పితే అదే పోతుంది” అన్న జవాబు వస్తే క్యాసెట్లు తీసుకుని వెనక్కి వచ్చేయండి.

ఇక “వేసి చూసి, బాగుంటే” అన్న మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ముప్పై ఏళ్లు కదలకుండా ఉన్న రీలు ఎన్ని సార్లు సాఫీగా తిరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మొదటిసారి తిరిగేటప్పుడే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేయాలి. చూడటం తరువాత, కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. బూజు లేని క్యాసెట్టైతే ఒకసారి చివరి దాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పితే చుట్టల బిగువు సమానమవుతుంది. ఆ తరువాత పెట్టే మొదటి ప్లేకు రికార్డింగు సిద్ధంగా ఉండాలి.

దుకాణదారు మీకు డీవీడీ ఒక్కటే ఇస్తానంటే ఒప్పుకోకండి, పెన్ డ్రైవ్‌లోనో హార్డ్ డిస్కులోనో ఫైలు కూడా అడగండి. మా నాన్నగారి షష్టిపూర్తి క్యాసెట్టు విషయంలో నేను ఆ తప్పు చేశాను. మూడు గంటల క్యాసెట్టును ఒక దుకాణంవారు ఒకే డిస్కులోకి కుదించి ఇచ్చారు. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. దాన్ని మూడు గంటలకు పంచితే సెకనుకు మూడున్నర మెగాబిట్లే దక్కుతాయి. కూర్చున్న చుట్టాలు, మంత్రాలు చదివే పురోహితుడు బాగానే కనిపించారు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి, బియ్యపు గింజలు వందల కొద్దీ ఒక్కసారి గాలిలోకి లేచాయి కదా, కుదింపు పద్ధతి ఆ కదలికను మోయలేక అమ్మ ముఖం పచ్చటి చదరాలుగా విడిపోయింది. ఒక డిస్కుకు గంట, మహా అయితే గంటన్నర మించకుండా చేయమని చెప్పండి. సెకనుకు 8 మెగాబిట్ల లెక్కన గంట బొమ్మకు 3.6 జీబీ పడుతుంది కాబట్టి ధ్వనితో కలిపి డిస్కులో హాయిగా సరిపోతుంది.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత కాలక్షేపంగా వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌కు అందించే ఒక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొని, మా క్యాసెట్లను నేనే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. బొమ్మ అడుగున ఒక సన్నటి గీతల పట్టీ ఆడుతోంది. కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయి. గంట గడిచేసరికి పెదవులకూ మాటకూ పొంతన ఉండడం లేదు. మిత్రుని డీవీడీ రికార్డరుకు కలిపి చూస్తే, ఇది కాపీ చేయకూడని క్యాసెట్టు అని అది ఆగిపోయింది. అది మా అబ్బాయి అక్షరాభ్యాసం వీడియో అండీ!
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: అడుగున ఆడే పట్టీ లోపం కాదు. డ్రమ్ము మీద ఒక హెడ్డు నుంచి మరొక హెడ్డుకు పని మారే చోట ఆ చెత్త ఏర్పడుతుంది. అది మొదటి నుంచీ మీ క్యాసెట్టులో ఉన్నదే, కాకపోతే పాత డబ్బా టీవీలు బొమ్మ అంచులను చట్రం వెనక దాచేసేవి కాబట్టి మనకు తెలియలేదు. ఆ నాలుగు గీతల మీద నల్ల పట్టీ వేసుకోండి. వాటిని కత్తిరించి బొమ్మను సాగదీయకండి.

దువ్వెన పళ్ల సంగతి కూడా దాదాపు అలాంటిదే. పాల్ పద్ధతిలో 625 గీతలను ఒకేసారి కాకుండా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చొప్పున సెకనుకు 50 సగాలుగా చూపుతారు. కంప్యూటర్ తెర రెండు సగాలనూ ఒకే క్షణంలో చూపబోవడంతో, ఆ మధ్యలో కదిలిన చెయ్యి రెండు చోట్ల పడుతుంది. డీవీడీ కూడా ఇదే పద్ధతిని యథాతథంగా మోయగలదు కాబట్టి డిస్కు కోసం చేసే ప్రతిని ముట్టుకోకండి. ఫోనులో చూసుకునే ప్రతికి మాత్రం డీ-ఇంటర్‌లేస్ చేయండి, అంటే ఆ సగాలను పూర్తి బొమ్మలుగా మార్చండి. బొమ్మ పరిమాణం 720×576 చుక్కలు ఉండాలి. అంతకన్నా పెద్దదిగా ఎక్కిస్తే బొమ్మ మెరుగుపడదు, చోటు మాత్రం పోతుంది. వర్చువల్‌డబ్ వంటి ఉచిత ప్రోగ్రాముతో నష్టం లేని పద్ధతిలో ఎక్కిస్తే గంటకు సుమారు 30 జీబీ అవుతుంది. డిస్కు చేసే పనికి డీవీడీ స్టైలర్ చాలు.

చివరి రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. సినిమా క్యాసెట్లను కాపీ చేయకుండా మాక్రోవిజన్ అనే ఏర్పాటు ఉండేది. అది తెరపై కనిపించని గీతల్లో దొంగ సంకేతాలు పెట్టి రికార్డరును తికమక పెడుతుంది. అరిగిపోయిన ఇంటి క్యాసెట్టులో సమయ సంకేతాలు వణుకుతుంటాయి. ఆ వణుకును చూసి రికార్డరు మాక్రోవిజన్ అని భ్రమపడుతుంది. అదే వణుకు వల్ల మీ యూఎస్‌బీ పరికరం అక్కడక్కడ ఒక్కో ఫ్రేమును జారవిడుస్తుంది, ధ్వని మాత్రం ఆగకుండా నడిచిపోతుంది కాబట్టి గంటకు ఆ తేడా పేరుకుంటుంది. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్. వీసీఆర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య నిలబడి ప్రతి గీతనూ నిలకడగా మళ్లీ పంపే యంత్రం అది. ఇంట్లో వాడకానికి కొనడం బరువే. అక్షరాభ్యాసం వంటి ఒకటి రెండు క్యాసెట్లకు ఆ యంత్రం ఉన్న స్టూడియోకు ఇచ్చి, మిగతావి మీరు ఎక్కించుకోవడం సబబు. హెడ్డు తుడవాలంటే దూది పుల్ల వాడకండి, పోగు చిక్కుకుంటే హెడ్డు విరుగుతుంది.

ప్రశ్న: 1996లో మా గృహప్రవేశాన్ని దుబాయి నుంచి వచ్చిన మా అన్నయ్య తన చిన్న వీడియో8 కెమెరాతో తీశారు. మా దగ్గర ఉన్న వీహెచ్‌ఎస్ క్యాసెట్టులో మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలే వినిపిస్తాయి. అందులో మా నాన్నగారు మాట్లాడారు. పాటలు తీసేసి ఆయన గొంతు వినే మార్గం ఉందా?
(ఒక పాఠకురాలు, సైదాబాద్)

జవాబు: మీ దగ్గరున్న క్యాసెట్టులో లేదు, మీ అన్నయ్యగారి దగ్గర ఉండే అవకాశం ఉంది. వీడియో8లో బొమ్మనూ ధ్వనినీ ఒకే డ్రమ్ము హెడ్లు కలిపి రాస్తాయి కాబట్టి బొమ్మను చెరపకుండా ఆ ధ్వనిని మాత్రమే మార్చడం కుదరదు. అంటే పాటలను వీహెచ్‌ఎస్‌కు కాపీ చేసేటప్పుడే ఎవరో వేశారు. అరచేతిలో పట్టే ఆ చిన్న అసలు క్యాసెట్టు దొరికితే, దాని మీద మరేదీ రికార్డు చేయకుండా ఉంటే, నాన్నగారి మాట అందులో అలాగే ఉంటుంది. ముందుగా దాని రక్షణ మీటను జరపమనండి, పొరపాటున కూడా మీద రికార్డు కాకుండా ఉంటుంది. కెమెరా పాడైందంటే బెంగ వద్దు. 1999 నుంచి వచ్చిన డిజిటల్8 కెమెరాల్లో చాలావాటికి పాత వీడియో8 క్యాసెట్లను చదివి, ఫైర్‌వైర్ తీగ ద్వారా నేరుగా డిజిటల్‌గా పంపే సదుపాయం ఉంది. కొనే ముందు ఆ నమూనాలో అది ఉందో లేదో చూసుకోవాలి. మినీడీవీ క్యాసెట్లు ఉన్నవారికి కూడా ఇదే మాట: అవి పుట్టుకతోనే డిజిటల్, గంటకు 13 జీబీ చొప్పున ఫైర్‌వైర్‌తో నకలు తీయాలే తప్ప మామూలు టీవీకి కలిపే పసుపు తీగతో కాదు.

ప్రశ్న: అమెరికాలో మా మనవడి బారసాల క్యాసెట్టు ఇక్కడి వీసీఆర్‌లో నలుపు తెలుపుల్లో, దొర్లిపోతూ కనిపిస్తోంది. చెడిపోయినట్లేనా?
(ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: చెడిపోలేదు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి: 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. అన్ని పద్ధతులనూ చదివే మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉన్నవారికి ఇచ్చి, ఎన్‌టీఎస్‌సీగానే 720×480లో ఎక్కించమని చెప్పండి, పాల్‌లోకి మార్పించకండి. మన దగ్గరి డీవీడీ ప్లేయర్లు సాధారణంగా రెండూ చూపుతాయి. అమెరికాలోని ప్లేయర్లకు మన పాల్ డిస్కు చాలాసార్లు మింగుడు పడదు కాబట్టి అక్కడి మీ వాళ్లకు పంపే ప్రతికి కూడా అదే మేలు.

ప్రశ్న: సెట్‌టాప్ బాక్సులో రికార్డు చేసుకున్న త్యాగరాజ ఆరాధన కచేరీలను డీవీడీలుగా చేసుకోవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?
(ఒక పాఠకుడు, పద్మారావు నగర్)

జవాబు: బాక్సు హార్డ్ డిస్కులోని రికార్డింగులు తాళం వేసినవి. ఆ డిస్కును ఊడదీసి కంప్యూటర్‌కు కలిపినా తెరుచుకోవు. హెచ్‌డీఎంఐ తీగలో కూడా అలాంటి రక్షణే ఉంటుంది. బాక్సు వెనక మూడు రంగుల ఏవీ సాకెట్లు ఉంటే, కచేరీని ప్లే చేస్తూ, అది నడిచినంత సేపూ డీవీడీ రికార్డరులోకి ఎక్కించుకోవడం ఒక్కటే ఇంటివారికి మిగిలిన దారి. కొన్ని ఛానళ్లు దాన్ని కూడా అడ్డుకుంటాయి. 2013లో హైదరాబాదు కేబుల్ డిజిటల్ కాకముందు టీవీ తీగను నేరుగా వీసీఆర్‌లో పెట్టి రికార్డు చేసుకున్న రోజులు నాకూ గుర్తున్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను సొంత వాడకానికి న్యాయమైన మేరకు మినహాయింపు ఇస్తుంది. రక్షణ ఏర్పాట్లను ఛేదించడం గురించి 2012 సవరణలో 65ఏ సెక్షను చేరింది. డిస్కులు అమ్మినా, ఇంటర్నెట్‌లో పెట్టినా సొంత వాడకం అనిపించుకోదు.

ప్రశ్న: 2006లో ఒక దుకాణంలో డీవీడీలుగా మార్పించి, క్యాసెట్లు పారేశాం. ఇప్పుడు రెండు డిస్కులు తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, అల్వాల్)

జవాబు: ముందు డిస్కు అడుగుభాగాన్ని మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. తరువాత రెండు మూడు వేర్వేరు కంప్యూటర్ల డ్రైవుల్లో పెట్టి చూడండి. ఒకటి చదవలేనిదాన్ని మరొకటి చదవడం సర్వసాధారణం. రికార్డరులో చేసిన డిస్కులను చివర్లో ఫైనలైజ్ చేయకపోతే, అంటే ఇతర యంత్రాలు చదివేలా ముగించకపోతే, అవి ఇతర యంత్రాల్లో ఖాళీ డిస్కుల్లా కనిపిస్తాయి. అలాంటివాటిని ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాము చదవగలుగుతుంది. అసలు సమస్య రంగుదైతే కష్టం. ఇంట్లో రాసే డిస్కులో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో, ఎండకూ వేడికీ అది వెలిసిపోతుంది. కిటికీ పక్క టీవీ బల్ల మీద మే నెలలు గడిపిన డిస్కు అయితే ఆశ తక్కువ. డిస్కు మీద కాగితపు లేబులు అంటించి ఉంటే పీకకండి, డిస్కు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇప్పటికీ తెరుచుకుంటున్న మిగతా డిస్కుల్లో వీడియో ఉండే వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డరును మొత్తంగా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకదాన్ని మీ దగ్గర, రెండవదాన్ని మీ తోబుట్టువుల ఇంట్లో ఉంచండి.