ఆట మాన్పించవద్దు, ఆటల కోర్సులో చేర్పించవద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా అబ్బాయి నల్లగొండలో పాలిటెక్నిక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎవరో ఓపెన్ సోర్స్‌గా పెట్టిన హెలికాప్టర్ ఆటను గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే పాత చేతి పరికరంలో నడిచేలా మారుస్తున్నానంటూ కొన్ని నెలలుగా రాత్రిళ్లు దాని మీదే కూర్చుంటున్నాడు. గణితంలో ఒక బ్యాక్‌లాగ్ ఉంది. దీన్ని మాన్పించాలా? లేక ఇంత ఇష్టం ఉన్నప్పుడు డిప్లొమా తర్వాత గేమ్ డిజైన్ కోర్సులో చేర్పించాలా?

జవాబు: రెండూ వద్దన్నదే నా సలహా. మీ అబ్బాయి పని పైకి ఆటలా కనిపిస్తున్నా, అసలు విషయం ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్. అంటే కొద్దిపాటి మెమరీ, నెమ్మదైన ప్రాసెసర్ ఉన్న పరికరంలో ప్రోగ్రామ్‌ను సకాలంలో నడిపించడం. ఈసీఈ విద్యార్థికి ఇది సొంత శాఖలోని పనే. మీ మిల్లులోని సార్టెక్స్ యంత్రాన్నే చూడండి. గింజ జారుతుండగా కెమెరా దాన్ని చూసి, రంగు మారినదైతే గాలి ఊది పక్కకు నెట్టేందుకు దొరికే సమయం సెకనులో చాలా చిన్న భాగం. ఆలోగా లెక్క తేలకపోతే నల్ల గింజ మంచి బియ్యంలో కలిసిపోతుంది. అలాంటి యంత్రాలకు ప్రోగ్రామ్ రాసేవారికి ఉండవలసిన అలవాట్లే ఈ హెలికాప్టర్ వల్ల మీ అబ్బాయికి అబ్బుతున్నాయి.

ఈ తరహా ఆట నియమాలు చాలా సులువు. బటన్ నొక్కితే హెలికాప్టర్ లేస్తుంది, వదిలితే దిగుతుంది, గుహ గోడకు తగిలితే ఆట ముగుస్తుంది. కంప్యూటర్ కోసమైతే సీ భాషలో, ఎస్‌డీఎల్ వంటి లైబ్రరీ (బొమ్మలు, బటన్ల పనిని ముందే రాసిపెట్టిన కోడ్) సాయంతో పెద్ద కష్టం లేకుండా రాయవచ్చు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ మాత్రం 2001లో వచ్చిన పరికరం. 16.78 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఏఆర్‌ఎం7 ప్రాసెసర్, వేగంగా అందే 32 కిలోబైట్ల మెమరీ, అంత వేగం లేని మరో 256 కిలోబైట్లు, 240 పిక్సెళ్ల వెడల్పు, 160 పిక్సెళ్ల ఎత్తు ఉన్న తెర. ఇంతే దాని ఆస్తి. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, ఫైళ్లు లేవు, దశాంశ లెక్కలు చేసే ప్రత్యేక యూనిట్ కూడా లేదు. కనుక హెలికాప్టర్ దిగే త్వరణం అసలు ప్రోగ్రామ్‌లో 0.15 అని ఉంటే, దాన్ని 256తో గుణించి 38 అనే పూర్ణాంకంగా పెట్టుకొని, తెర మీద బొమ్మ వేసేటప్పుడు స్థానాన్ని ఎనిమిది బిట్లు కుడికి జరపవలసి (అంటే తిరిగి 256తో భాగించవలసి) ఉంటుంది.

అసలు చిక్కు బొమ్మ గీయడంలో వస్తుంది. తెరనంతా పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున నింపితే 76,800 బైట్లు పడతాయి. వీడియో మెమరీ మొత్తం 96 కిలోబైట్లే కాబట్టి అలాంటి రెండో తెరను పక్కన సిద్ధం చేసుకోవడానికి చోటు ఉండదు; సగం గీసిన బొమ్మే ఆడేవారి కంటపడుతుంది. అందుకని ఎనిమిది పిక్సెళ్ల చదరపు టైల్స్‌తో గుహను పరిచి, దాన్ని హార్డ్‌వేర్ చేతనే పక్కకు జరిపిస్తారు. టైల్స్ పటంలో 32 నిలువు వరుసలు ఉంటే తెరలో పట్టేవి 30, జరుగుతున్నప్పుడు రెండు అంచుల్లోని ముక్కలతో కలిపి 31. మిగిలిన ఆ ఒక్క వరుసలోనే, అది తెర మీదికి రాకముందే, తర్వాతి గోడను రాసేయాలి. స్కోరు దాచడంలో ఇంకో మెలిక ఉంది. కార్ట్రిడ్జ్‌లో స్కోరు దాచే మెమరీ అయిన ఎస్‌ర్యామ్‌కు ఉన్నది ఎనిమిది బిట్ల దారి, అంటే ఒకసారికి ఒక్క బైటు మాత్రమే. నాలుగు బైట్ల సంఖ్యను ఒకేసారి రాస్తే స్కోరు పాడవుతుంది, ఒక్కొక్క బైటుగా రాస్తేనే నిలుస్తుంది. (గుహ ప్రతిసారీ కొత్తగా రావడానికి కంప్యూటర్‌లోలా గడియారం మీద ఆధారపడే వీలు సాధారణంగా ఉండదు, ఆడేవారు మొదటి బటన్ నొక్కేదాకా గడిచిన ఫ్రేములను (తెర మీద బొమ్మ మారిన సార్లను) లెక్కపెట్టి ఆ సంఖ్యను వాడుకుంటారు. నాకు నచ్చిన ఉపాయం ఇది.)

ఈ వివరాలన్నీ మీరు నేర్చుకోనక్కరలేదు. ఒక ఆదివారం అతను ఇంటికి వచ్చినప్పుడు పక్కన కూర్చొని, ఇప్పటివరకు ఎక్కడెక్కడ ఆగిపోయావు, ఎలా బయటపడ్డావు అని అడగండి. పైన చెప్పినలాంటి చిక్కులను కారణాలతో సహా వివరించగలిగితే అతను పని చేస్తున్నట్లే. ఎవరో రాసినది దించుకొని ఆడుకుంటున్నట్లయితే, ఆ సంగతి మాటల్లోనే బయటపడుతుంది. అప్పుడు మీ ఆందోళన సబబే.

పని నిజమైనదే అయితే దాన్ని పూర్తి చేయించండి. సగంలో ఆగిన ప్రాజెక్టుకు ఉద్యోగమిచ్చేవారి దగ్గర విలువ ఉండదు. కంప్యూటర్‌లోనే ఆ పరికరంలా పనిచేసే ఎమ్‌జీబీఏ అనే ఉచిత ఎమ్యులేటర్, రాసిన ప్రోగ్రామ్‌ను పరికరానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే డెవ్‌కిట్‌ఏఆర్‌ఎం అనే ఉచిత కంపైలర్ ఉన్నాయి కనుక ఇప్పుడే పరికరం కొనిపెట్టమంటే తొందరపడవద్దు. అసలు ఆట లైసెన్సును అతను చదివాడో లేదో తప్పక కనుక్కోండి. అది జీపీఎల్ అనే లైసెన్సు అయితే, మార్చిన ఆటను ఇతరులకు ఇచ్చినప్పుడు దాని సోర్స్ కోడ్‌ను కూడా అదే లైసెన్సు కింద అందించాలి. ఎంఐటీ లైసెన్సు అయితే అసలు రచయిత కాపీరైట్ ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని అలాగే ఉంచితే చాలు. బొమ్మలకు, శబ్దాలకు వేరే లైసెన్సు ఉండే అవకాశం ఉంది. దాన్ని విద్యార్థులు తరచుగా మరచిపోతుంటారు.

గేమ్ డిజైన్ కోర్సు వద్దనడానికి కారణం ఇదే. అక్కడ ఎక్కువగా నేర్పేది యూనిటీ వంటి తయారు ఇంజిన్ల వాడకం, త్రీడీ బొమ్మలు, కథ, లెవెళ్ల రూపకల్పన. మీ అబ్బాయి మొగ్గు ఎస్‌ర్యామ్ ఎందుకు మొరాయించిందో తేల్చుకోవడం వైపు ఉన్నట్లు కనిపిస్తోంది. అందుకు లక్షల ఫీజు పోయనక్కరలేదు. క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ సంస్థల కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి గానీ, వాటిలో ఇంజినీరు ఉద్యోగం డిప్లొమాతో ఆశించడం కష్టం. బీటెక్ అవసరం, దానికి దారి డిప్లొమా చేసినవారు రాసే ప్రవేశ పరీక్ష ఈసెట్. అందులో ర్యాంకు వస్తే నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. బీటెక్ తర్వాత సీ-క్యాట్ పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీ-డాక్ వారి ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ డిప్లొమాలో చేరే మార్గం కూడా ఉంది.

ఈసెట్‌లో 200 మార్కులకు గణితం 50, భౌతిక, రసాయన శాస్త్రాలు చెరి 25, మిగిలిన 100 సొంత శాఖవి. గణితంలో బ్యాక్‌లాగ్ పెట్టుకొని ఈ పరీక్షకు వెళ్లడమంటే నాలుగో వంతు మార్కులను ముందే వదులుకోవడం. కాబట్టి బ్యాక్‌లాగ్ పరీక్ష అయ్యేదాకా ఆట పూర్తిగా పక్కన పెట్టాలని, ఆ తర్వాత శని, ఆదివారాలు మాత్రమే దానికి ఇవ్వాలని ఒప్పందం చేసుకోండి. మూడో సంవత్సరంలో లెక్చరర్ అంగీకరిస్తే దీన్నే ప్రాజెక్టుగా చూపవచ్చు.

రేపు రెజ్యూమెలో "గేమ్ తయారు చేశాను" అని రాయించవద్దు. ఏ ప్రాసెసర్, ఎంత మెమరీ, ఏ భాగాలు మార్చాడు, ఫ్రేముకు దొరికే సుమారు 16.7 మిల్లీసెకన్లలో తన ప్రోగ్రామ్ ఎంత వాడుకుంటోంది అన్నవి కొలిచి రెండు వాక్యాల్లో రాయమనండి. ఆ పరికరంలో బటన్ నొక్కితే, బటన్ల స్థితిని చూపే రిజిస్టర్‌లో సంబంధిత బిట్ సున్నా అవుతుంది, వదిలితే ఒకటి అవుతుంది; ఆ రిజిస్టర్‌ను వోలటైల్‌గా (ప్రోగ్రామ్ ప్రమేయం లేకుండానే విలువ మారవచ్చని కంపైలర్‌కు చెప్పే గుర్తుతో) ఎందుకు ప్రకటించాలో చెప్పమని ఎంబెడెడ్ ఇంటర్వ్యూలో అడగడం మామూలే, అతను ఇప్పటికే తన చేత్తో రాసిన జవాబు అది.