ముందు ఆ తాకట్టు చీటీ ఆమె ముందు పెట్టండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 41 ఏళ్లు. కిందటేడు తమ్ముడి వ్యాపారం కోసం నా భార్య 6 కాసుల గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టాను. ఆమెకి ఆ తర్వాతే తెలిసింది. తమ్ముడు చేతులెత్తేశాడు. గొలుసు విడిపించే దారి చూపమని 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశాను. శుక్రవారం కూడికలో మనవి చెప్పాను. జవాబు లేదు. ఇద్దరు ఏకీభవించి అడిగితే దొరుకుతుందని వాక్యం ఉంది కదా, కానీ నా భార్య కుటుంబ ప్రార్థనలో కూర్చోవడమే మానేసింది. ఆమె మనసు మారాలంటే ఎలా ప్రార్థించాలి?

జవాబు: ఎలా ప్రార్థించాలన్నది పక్కన పెట్టండి బాబూ. 21 రోజులు పస్తున్న మనిషికి ప్రార్థన నేర్పేంతదాన్ని కాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తమ్ముడున్నాడు, ఉపవాసం ఉంది, కూడిక ఉంది. మీ ఆవిడకి క్షమాపణ చెప్పానన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

మత్తయి 18:19 ఎత్తారు, సరే. మొదటి పేతురు 3:7 కూడా చూడండి. మీ ప్రార్థనలకి అభ్యంతరం కలగకుండా ఉండాలంటే భార్యని సన్మానించండి అని అక్కడ రాసింది భర్తలకే. మీ పెళ్లిలోనూ చదివే ఉంటారు. ఆ పూట ఎవరు వింటారు లెండి, అందరి చూపూ భోజనాల వైపే.

ఇక ఆ శుక్రవారం సంగతి. పదిమందిలో ఆమె గొలుసు గురించి మనవి చెప్పారు. మర్నాడు కుళాయి దగ్గర "గొలుసు విడిపించారా వదినా?" అని ఎవరో ఒకరు అడక్క మానతారా? మా సంఘంలో అయితే రాత్రికే అడిగేవారు. "నా భార్యకి చెప్పకుండా ఆమె బంగారం తీశాను, నా కోసం ప్రార్థించండి" అని ఉంటే అది మనవి. "ఆమె మనసు మారాలి" అంటే చాడీ. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని యేసుప్రభువు చెప్పింది ఊరికే కాదు.

అయినా ఆమె ప్రార్థన చేయడం లేదని మీకెలా తెలుసు? బైబిల్లో హన్నా మనసులోనే ప్రార్థిస్తూ, పెదవులు మాత్రమే కదులుతుంటే తాగి ఉందనుకున్నాడు యాజకుడైన ఏలీ. అంతటివాడే పొరబడ్డాడు. మీ ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి దేవుడితో ఏం చెప్పుకుంటోందో మీకేం తెలుసు!

ఈ రాత్రి ఆమెని ప్రార్థనకి పిలవకండి. పిల్లలు పడుకున్నాక తాకట్టు చీటీ తీసి ఆమె ముందు పెట్టండి. అసలెంత, వడ్డీ ఎంతయింది, గడువు ఎప్పుడు, అన్నీ చెప్పండి. గడువు దాటితే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. ఆ సంగతి కూడా ఆమె మీ నోటే వినాలి. "తప్పు చేశాను" అని ఆపేయండి. "కానీ తమ్ముడు..." అని మొదలుపెట్టారో, చెప్పిందంతా నీళ్లపాలే. అరిస్తే అరవనివ్వండి, ఏడాదిగా దిగమింగుకుంది.

తెల్లారాక ఆమె ఎదురుగానే తమ్ముడికి ఫోన్ చేయండి. కనీసం వడ్డీ అయినా కట్టమనండి. దేవుణ్ని 21 రోజులు అడిగారు, తమ్ముణ్ని ఒక్కసారి గట్టిగా అడగడానికి మొహమాటమా?

ఉపవాసం మీ ఇష్టం, ఒంట్లో శక్తి ఉంటే చేయండి. రాత్రి ప్రార్థనకి మాత్రం రెండు చాపలు వేయండి. ఆమెని పిలవొద్దు. పాస్టర్ గారితోనూ చెప్పించొద్దు.