టెక్ సందేహాలు: వెర్షన్ మారితే పాత ఫాసల్ పనికిరాదా?

ప్రశ్న: లైనక్స్ అప్‌డేట్‌తో పాటు ఎస్‌బీసీఎల్ (కామన్ లిస్ప్ భాష కంపైలర్) కొత్త వెర్షన్ వచ్చింది. నిన్నటిదాకా చక్కగా లోడైన నా ఫాసల్ ఫైలు (కంపైల్ చేసి పెట్టుకున్న లిస్ప్ ప్రోగ్రామ్) ఇప్పుడు 'వేరే వెర్షన్‌లో కంపైల్ చేసింది' అంటూ మొరాయిస్తోంది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మళ్లీ పాత వెర్షన్‌కే వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదు. సోర్స్ ఉంటే మళ్లీ కంపైల్ చేయండి, సరిపోతుంది. ఫాసల్‌లో ఉండేది మెషీన్ కోడ్. లిస్ప్ ఆబ్జెక్టులు మెమరీలో ఏ వరుసలో ఉంటాయి, హెడర్‌లో ఏ బిట్టు దేనికి, రన్‌టైమ్ లోపలి ఫంక్షన్లను ఎలా పిలవాలి అన్నవన్నీ అందులో ముందే ఖాయమైపోయి ఉంటాయి. ఎస్‌బీసీఎల్‌కు దాదాపు నెలకో విడుదల ఉంటుంది. 1999లో సీఎంయూసీఎల్ అనే మరో లిస్ప్ కంపైలర్ నుంచి విడిపోయినప్పటి నుంచీ దాని లోపలి భాగాలను సరిచేస్తూనే ఉన్నారు. భాష ప్రమాణం మాత్రం 1994 నాటిదే కాబట్టి ప్రమాణాన్ని పాటించి రాసిన సోర్స్‌కు సాధారణంగా ఢోకా ఉండదు. పాత ఫాసల్‌ను బలవంతంగా ఎక్కిస్తే అది తప్పుడు చోట చదివి డేటానే పాడు చేయొచ్చు. ముందే ఆపేయడం మన మంచికే.

ఏఎస్‌డీఎఫ్ అనే లిస్ప్ బిల్డ్ టూల్‌తో ప్రాజెక్టు నడిపితే ఈ తలనొప్పి ఉండదు. వెర్షన్ పేరుతో వేరే ఫోల్డర్ పెట్టుకుని అదే కంపైల్ చేసుకుంటుంది. కోర్ ఫైళ్లదీ (లిస్ప్ మెమరీని మొత్తంగా సేవ్ చేసినవి) ఇదే కథ, ఇంకాస్త కఠినం: వాటికి వెర్షన్ నంబర్ ఒకటే అయితే చాలదు, బిల్డ్ కూడా అదే కావాలి. పాత కోర్‌ను చూపించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూడండి.

ప్రశ్న: పెద్ద ఫైలు చదువుతుంటే 'హీప్ ఎగ్జాస్టెడ్' అని ప్రోగ్రామ్ ఆగిపోతోంది. డేటా హీప్‌లో సగం కన్నా కాస్త ఎక్కువే, అంతే. ర్యామ్ బోలెడంత ఖాళీగా ఉంది.

జవాబు: ఎస్‌బీసీఎల్ హీప్‌కు (ప్రోగ్రామ్ డేటా ఉండే మెమరీకి) మనం వేరే చెప్పకపోతే వర్తించే గరిష్ఠ పరిమితి బిల్డ్ చేసేటప్పుడే నిర్ణయమవుతుంది. మీ ర్యామ్ ఎంతన్నది దానికి పట్టదు. పైగా అందులో మామూలుగా వచ్చే గార్బేజ్ కలెక్టర్ (అక్కర్లేని మెమరీని ఖాళీ చేసే భాగం) బతికున్న, అంటే ఇంకా వాడుకలో ఉన్న ఆబ్జెక్టులను చాలావరకు కొత్త చోటికి కాపీ చేస్తుంది. ఇల్లు మారేటప్పుడు రెండిళ్ల అద్దె కట్టినట్టు, కాపీ నడిచినంతసేపూ రెండు చోట్లా స్థలం కావాలి. అందుకే సగం దాటగానే చేతులెత్తేసింది. 'డైనమిక్-స్పేస్-సైజ్' ఆప్షన్‌తో పరిమితి పెంచండి. దాన్ని లోడ్, ఎవాల్ ఆప్షన్ల కన్నా ముందు రాయాలి. ఎక్జిక్యూటబుల్‌గా సేవ్ చేస్తుంటే 'సేవ్-రన్‌టైమ్-ఆప్షన్స్' కూడా ఇవ్వండి, లేకుంటే మీరిచ్చిన పరిమితి అందులోకి వెళ్లదు. ఆబ్జెక్టులను ఉన్నచోటే గుర్తుపెట్టే మార్క్-రీజియన్ కలెక్టర్ కూడా ఈమధ్య సోర్స్‌లో చేరింది. అది కావాలంటే ఎస్‌బీసీఎల్‌ను మీరే బిల్డ్ చేసుకోవాలి. నన్నడిగితే, పరిమితి పెంచే ముందు ఫైలంతా ఒకేసారి మెమరీలోకి లాగడం అవసరమా అని చూడమంటాను.

ప్రశ్న: ఈమ్యాక్స్ ఎడిటర్ 30వ వెర్షన్‌కి మారాక మొదటిసారి తెరిస్తే ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తింది. వైరసా?

జవాబు: కాదు. ఈమ్యాక్స్ లిస్ప్‌ను (ఆ ఎడిటర్ ప్యాకేజీలు రాసే భాషను) మెషీన్ కోడ్‌గా మార్చే సదుపాయం 28లోనే వచ్చినా, బిల్డ్‌లో మామూలుగానే ఉండటం 30తో మొదలైంది. మీ ప్యాకేజీలు వెనకాల కంపైల్ అవుతున్నాయి. కాసేపటికి సద్దుమణుగుతుంది, తర్వాతిసారి క్యాష్ నుంచే తెరుచుకుంటాయి. పాత వెర్షన్ల ఫైళ్లు ఆ క్యాష్‌లో పేరుకుపోతే 'నేటివ్-కంపైల్-ప్రూన్-క్యాష్' కమాండ్‌తో తీసేయొచ్చు.