ఆకు ఏపుగా ఉన్నా లిల్లీకి పూల కాడలు రావడం లేదెందుకు?

ప్రశ్న: ఎకరంలో సింగిల్ రకం లిల్లీ (నేల సంపెంగ) నాటి ఐదు నెలలైంది. ఆకు నల్లగా, ఏపుగా ఉంది కానీ నూటికి పది మొక్కలు కూడా పూల కాడ వేయలేదు. పక్క తోటలో తవ్విన దుంపలు తెచ్చి మూడో రోజే నాటాను. గోలీకాయంత నుంచి నిమ్మకాయంత వరకు అన్నీ కలిసే ఉన్నాయి. ఇప్పటికి ఆరు బస్తాల యూరియా వేశాను, పొటాష్ వేయలేదు. మందుల దుకాణంలో వైరస్ అన్నారు. జిబ్బరెల్లిక్ ఆమ్లం 0.001 శాతం ఉన్న పూత మందు లీటరుకు 2 మి.లీ. చొప్పున నాలుగుసార్లు కొట్టాను. ఇంకేం కొట్టాలి?

జవాబు: ఇంకేమీ కొట్టవద్దు. వైరస్ సోకితే ఆకుపై లేత మచ్చలు, చారలు కనిపిస్తాయి. నల్లగా నిగనిగలాడే ఆకు వైరస్ లక్షణం కాదు. మీ తోటకు తెగులు లేదు. తప్పు దుంప దగ్గర మొదలైంది, దాన్ని యూరియా పెంచింది.

లిల్లీ దుంప అడ్డంగా 2 సెం.మీ. పైగా, బరువు 25–30 గ్రాములు ఉంటేనే నాటిన ఏడాది నమ్మకంగా పూస్తుంది. 1.5 సెం.మీ. లోపు దుంప ఆ ఏడంతా ఆకు వేసి తన ఒళ్లు పెంచుకుంటుంది, అంతే. తోటలో అక్కడక్కడా పది కుదుళ్లు తవ్వి తల్లి దుంపను కొలవండి. చిన్నవే ఎక్కువుంటే ఈసారి పూతపై ఆశ వదులుకోండి, ఏ సీసా కూడా వాటిని తొందరపెట్టలేదు. పైగా తవ్విన దుంపకు నెల రోజుల నిద్ర కావాలి. మీరు మూడో రోజే నాటారు కాబట్టి పెద్ద దుంపలు సైతం ఒక్కసారిగా కాకుండా వెనకా ముందుగా లేచాయి.

ఇక యూరియా. 45 కిలోల బస్తాలు ఆరంటే 124 కిలోల నత్రజని. ఎకరాకు పంట మొత్తానికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి 80 కిలోలు చాలు. మీరు నత్రజనే ఒకటిన్నర రెట్లు దాటించారు, పొటాష్ సున్నా. ఇకపై 45 రోజులు యూరియా ముట్టకండి. ఎకరాకు 30 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వరుసల పక్కన వేసి మట్టి కప్పి నీరివ్వండి. మడిలో నీరు నిలవకూడదు.

ఆ పూత మందు సంగతి కూడా చూద్దాం. 0.001 శాతం అంటే లీటరు మందులో జిబ్బరెల్లిక్ ఆమ్లం 10 మిల్లీగ్రాములే. మీరు కలిపిన ద్రావణంలో లీటరుకు 0.02 మిల్లీగ్రాములు పడింది. లిల్లీకి కావాల్సింది లీటరుకు 50–100 మిల్లీగ్రాములు. కొట్టిన నాలుగుసార్లూ మీరు దాదాపు నీళ్లే కొట్టారు! పొలం చూడకుండా, దుంప కొలవకుండా సీసా చేతికిచ్చే సలహా ఇలాగే ఉంటుంది. పొడి మందు కొనగలిగితే గ్రామును కొద్దిగా స్పిరిట్‌లో కరిగించి 10 లీటర్ల నీటిలో కలపాలి, నేరుగా నీటిలో సులువుగా కరగదు. అది కూడా పెద్ద దుంపలు నాటిన తోటకే, నాటిన 40, 55, 60 రోజులకు.

ఆకులు పసుపెక్కి వాలాక నీరు ఆపి, నేల ఆరనిచ్చి దుంపలు తవ్వండి. అట్టముక్కకు 2 సెం.మీ. రంధ్రం చేసి జల్లించండి. అందులోంచి జారిపోయేవి నారుమడికి, నిలిచేవి పొలానికి. పొలానికి ఉంచినవాటిని నీడలో, గాలి ఆడేచోట పలుచగా పరచి నెల రోజులు ఉంచండి; నాలుగైదు రోజులకోసారి తిరగేయకపోతే అడుగునున్నవి కుళ్లుతాయి. శీతల గిడ్డంగిలో 10 డిగ్రీల వద్ద నెల ఉంచితే కాడలు ఇంకా బాగా వస్తాయి. అంత వ్యవధి లేకపోతే లీటరు నీటికి 40 గ్రాముల థయోయూరియా కలిపి గంట నానబెట్టి నిద్ర లేపవచ్చు. నాటే ముందు లీటరుకు 2 గ్రాముల కార్బెండజిమ్ (శిలీంధ్రనాశిని) ద్రావణంలో అరగంట ముంచి ఆరబెట్టండి. 45×20 సెం.మీ. దూరంలో, 5 సెం.మీ. లోతులో, పూర్తి ఎండ తగిలే చోట నాటాలి. చెట్టు నీడన ఆకే తప్ప కాడ రాదు. అన్నీ కుదిరితే 80–100 రోజులకు తొలి కాడ కనిపిస్తుంది.

ఒకసారి పూసిన తల్లి దుంప మళ్లీ పూయదు, పూసేది పిల్లలే. అందుకే రెండు మూడేళ్లకు కుదురు ఇరుకై పూత పడిపోతుంది. అప్పుడు యూరియా పెంచకుండా, తవ్వి వేరు చేసి నాటండి.

కాడలు వచ్చాక వంకరగా, తుప్పు రంగు చారలతో, మొగ్గ విప్పుకోకుండా ఎండితే అది ఆకు నులిపురుగు పని. ఆ కుదుళ్లను దుంపతో సహా పీకి కాల్చండి. వాటి దుంపలు విత్తనానికి ఉంచవద్దు, ఇతరులకు ఇవ్వవద్దు.